పాపీ చిరాయువు!

సీసా వెల లక్షల్లో ఉంటుంది. డబ్బున్నా దొరకదు, లాటరీ తగలాలి. అదే దినుసులతో, అదే బట్టీలో తయారైన తోబుట్టువు మాత్రం ఒకప్పుడు కింది అరలో దుమ్ము కొట్టుకుని ఉండేది. అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో బోర్బన్ విస్కీ చెప్పే కథ ఇది. ఆ దారెంట వెళ్తే మద్యం సంగతి ఎలా ఉన్నా మనిషి మోజు సంగతి మాత్రం బాగా తెలుస్తుంది.

2013 అక్టోబరు. కెంటకీ రాజధాని ఫ్రాంక్‌ఫర్ట్ పట్టణంలో ఓ దొంగతనం బయటపడింది. పోయింది బంగారం కాదు, వజ్రాలూ కాదు. నది ఒడ్డున ఉన్న బఫెలో ట్రేస్ డిస్టిలరీ నుంచి 65 పెట్టెలు మాయమయ్యాయి. పెట్టెకు మూడు చొప్పున 195 సీసాలు. అన్నీ ఇరవై ఏళ్లు పీపాలో మాగిన ‘పాపీ వాన్ వింకిల్’ బోర్బన్. విలువ 26 వేల డాలర్ల పైమాటే అన్నారు పోలీసులు.

పత్రికలకు పండగే అయింది. ‘పాపీగేట్’ అని పేరు పెట్టేశాయి. 2015లో తొమ్మిది మంది మీద అభియోగాలు నమోదయ్యాయి. తీరా చూస్తే అసలు సూత్రధారి ఎవరో కాదు, ఆ డిస్టిలరీలోనే పనిచేసే ఉద్యోగి. 2018లో పదిహేనేళ్ల శిక్ష పడింది. నెల రోజులు లోపల ఉన్నాక షరతుల మీద బయటికి వచ్చాడు. 2021లో ఈ కథ నెట్‌ఫ్లిక్స్‌లో డాక్యుమెంటరీగా కూడా వచ్చింది.

ఇంతకీ ఆ సీసాలో ఏముంది? మొక్కజొన్న, గోధుమ, బార్లీ, నీళ్లు, కాస్త ఈస్ట్. అంతే! ఆపైన ఉన్నదంతా కాలం. కొంచెం కట్టె. బోలెడంత పేరు.

తాత పేరు... వెల వేలు

‘పాపీ’ అంటే అమెరికా పల్లెల్లో నాన్ననో తాతనో ముద్దుగా పిలిచే పిలుపు. మన చెవికి మాత్రం మరోలా వినిపిస్తుంది. ‘పాపీ చిరాయువు’ అన్న సామెత ఈ బోర్బన్‌కు సరిగ్గా సరిపోతుంది కూడా. పది, పన్నెండు, పదిహేను, ఇరవై, ఇరవై మూడేళ్లు మాగించి అమ్మే మందు మరి!

ఆ తాత అసలు పేరు జూలియన్ వాన్ వింకిల్. 1874లో పుట్టాడు. 1893లో లూయివిల్ నగరంలోని వెల్లర్ అనే మద్యం వ్యాపార సంస్థలో సేల్స్‌మన్‌గా చేరాడు. బండి కట్టుకుని ఊరూరా తిరిగి సరుకు అమ్మినవాడే కాలక్రమంలో ఆ సంస్థకు యజమానుల్లో ఒకడయ్యాడు. అమెరికాలో మద్యనిషేధం ఎత్తేశాక, 1935లో లూయివిల్ శివార్లలో స్టిట్జెల్-వెల్లర్ డిస్టిలరీని తెరిచారు. ప్రారంభానికి ఎంచుకున్న రోజు కెంటకీ డెర్బీ గుర్రప్పందాల రోజు. లాభమొస్తే లాభానికి, లేదంటే నష్టానికైనా సరే, మంచి బోర్బనే చేస్తామన్న అర్థం వచ్చే పలకను అక్కడ పెట్టించాడట ఆ పెద్దాయన. 1965లో కన్నుమూశాడు.

తర్వాత బోర్బన్‌కు చెడ్డరోజులు వచ్చాయి. కుర్రకారు వోడ్కా వైపు మళ్లింది. 1972లో వాన్ వింకిల్ కుటుంబం డిస్టిలరీని అమ్ముకుంది. 1992లో అక్కడ బట్టీలు చల్లబడ్డాయి. మనవడు మూడో జూలియన్ మాత్రం పట్టు వదల్లేదు. ఎవరికీ అక్కర్లేని పాత పీపాలు కొని, తాత పేరూ ఫొటోతో సీసాల్లో నింపి అమ్మాడు. 2002లో బఫెలో ట్రేస్‌తో చేతులు కలిపాడు. అప్పటి నుంచి పాపీ పుట్టేది ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే.

2021లో ఇరవై మూడేళ్ల పాపీ సీసాకు తయారీదారులు సూచించిన ధర 299 డాలర్ల 99 సెంట్లు. కానీ ఆ ధరకు అది దొరికితే జాతకం బాగున్నట్టే. చేతులు మారేటప్పుడు వేల డాలర్లు పలుకుతుంది. మన రూపాయల్లో లక్షలన్నమాట!

సున్నపురాయి నేల

కెంటకీ అనగానే మనవాళ్లకు వేయించిన కోడి గుర్తొస్తుంది. ఆ రాష్ట్రం వాళ్లకు మాత్రం గుర్రాలూ బోర్బనే ముందు. సిన్సినాటి నుంచో ఇండియానాపొలిస్ నుంచో బయల్దేరితే సుమారు రెండు గంటల్లో లూయివిల్ వచ్చేస్తుంది. ఆ ఊళ్లలో ఉద్యోగాలు చేసే తెలుగువాళ్లకు అది వారాంతపు ప్రయాణం దూరమే. 1999లో మొదలైన ‘కెంటకీ బోర్బన్ ట్రయిల్’ పేరుతో డిస్టిలరీల సందర్శన ఇప్పుడు ఆ రాష్ట్రంలో పెద్ద పర్యాటక వ్యాపారం.

ఊరు దాటితే పచ్చిక మైదానాలు, తెల్ల కంచెలు, మేస్తున్న గుర్రాలు కనిపిస్తాయి. నేల కింద మందంగా సున్నపురాయి. ఆ రాతి పొరల్లోంచి వచ్చే నీటిలో ఇనుము ఉండదు, సున్నం ఉంటుంది. విస్కీకి ఇనుము పగ, రంగూ రుచీ చెడగొడుతుంది. సున్నం మాత్రం పులియడానికి సాయపడుతుంది. ఆ నీళ్లు తాగిన గుర్రాల ఎముకలు కూడా గట్టిగా ఉంటాయని స్థానికులు చెప్పుకుంటారు.

మనకు మొక్కజొన్న అంటే నిప్పుల మీద కాల్చిన పొత్తులు, లేదంటే కోళ్ల దాణా. అక్కడికి తొలినాళ్లలో వలస వచ్చిన రైతులకు అది అమ్ముకోలేని పంట. దారుల్లేవు, గుర్రం మీద ఎన్ని బస్తాలని మోస్తుంది? బట్టీ పెట్టి మందుగా మారిస్తే బరువు తగ్గేది, చెడిపోయేది కాదు, నాలుగు డబ్బులూ వచ్చేవి. అలా రైతు గడుసుతనం నుంచి వచ్చింది ఈ పానీయం.

ఏ విస్కీని పడితే దాన్ని బోర్బన్ అనడానికి లేదు. అమెరికాలోనే తయారవ్వాలి. ధాన్యంలో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి. లోపలి భాగాన్ని మంటతో మాడ్చిన కొత్త ఓక్ పీపాల్లోనే మాగాలి. రంగులూ రుచులూ కలపకూడదు. 1964లో అమెరికా కాంగ్రెస్ దీన్ని తమ దేశపు ప్రత్యేక ఉత్పత్తిగా గుర్తించింది. కెంటకీలోనే చేయాలన్న నియమం లేకపోయినా సింహభాగం అక్కడే తయారవుతుంది. మనవాళ్లు బాగా ఎరిగిన జాక్ డేనియల్స్‌ది పక్క రాష్ట్రం. మేపుల్ బొగ్గుల్లో వడకట్టి ‘టెనసీ విస్కీ’ అని వేరే పేరుతో అమ్ముతారు.

మొక్కజొన్న పోగా మిగిలిన భాగంలోనే ఉంది అసలు కిటుకు. మొలకెత్తించిన బార్లీ కొంత ఉంటుంది. దానికి తోడు ఎక్కువ మంది రై ధాన్యం వేస్తారు. అది మిరియంలా కాస్త ఘాటు ఇస్తుంది. కొందరు రైకి బదులు గోధుమ వేస్తారు. అప్పుడు మందు మెత్తగా, తియ్యగా వస్తుంది. పాపీ ఈ గోధుమ వంశానికి చెందినదే. పిండి కొద్దీ రొట్టె అన్నారు కదా, ఇక్కడ పిండి కొద్దీ బోర్బన్!

దేవతల వాటా

బట్టీ నుంచి దిగిన మందుకు రంగుండదు, నీళ్లలా ఉంటుంది. దాన్ని సుమారు 200 లీటర్లు పట్టే పీపాల్లో పోసి అంతస్తులు అంతస్తులుగా ఉండే గోదాముల్లో పేరుస్తారు. కెంటకీ ఎండాకాలం మండిపోతుంది, చలికాలం గడ్డకట్టిస్తుంది. ఎండకు మందు ఉబ్బి కట్టెలోకి చొరబడుతుంది, చలికి వెనక్కి వస్తుంది. ఏళ్ల తరబడి ఇలా వెళ్లొస్తూ మాడిన ఓక్ నుంచి రంగునీ, పాకం లాంటి తీపినీ, వనిల్లా వాసననీ మోసుకొస్తుంది. గోదాములోకి అడుగు పెడితే చాలు, బెల్లం పాకం పక్కన తడికట్టె పెట్టినట్టు ఓ వాసన ముక్కుకు తగులుతుంది.

ఆ వాసన ఊరికే రాదు. పీపా ఊపిరి పీలుస్తుంది. ఏటా మూడు నుంచి అయిదు శాతం దాకా మందు ఆవిరైపోతుంది. దీన్ని ‘దేవతల వాటా’ అంటారు అక్కడివాళ్లు. ఇరవై ఏళ్లు దాటేసరికి పీపాలో సగానికి పైగా ఆ దేవతలే తాగేసి ఉంటారు. గోదాముల చుట్టుపక్కల చెట్ల మొదళ్లు, ఇళ్ల గోడలు నల్లగా మసిబారి కనిపిస్తాయి. ఆ ఆవిరి తిని బతికే ఓ రకం బూజు అది. దేవతల మాటేమో గానీ, కారూ గోడా కడుక్కోలేక చస్తున్నామని పొరుగువాళ్లు కోర్టుల దాకా వెళ్లారు.

పాపీ ఎందుకంత ఖరీదో ఇప్పుడు లెక్క తేలుతుంది. రెండు దశాబ్దాలు గోదాములో చోటు, ఏటా పీపాకు పన్ను, సగానికి పైగా నష్టం. మిగిలిన దానిలోనూ అన్ని పీపాలూ పనికిరావు. కొన్నిట్లో కట్టె రుచి మితిమీరి వక్క నమిలినట్టు వగరెక్కుతుంది. అందుకే బతికి బట్టకట్టినవి కొన్నే. ఇదంతా నిజమైన ఖర్చే, కాదనలేం. కానీ ఆ ఖర్చు మూడు నాలుగు వందల డాలర్ల సీసాను సమర్థిస్తుంది. వేల డాలర్ల సీసాను సమర్థించేది మాత్రం నలుగురికీ దొరకదన్న ఆ ఒక్క సంగతే.

ఎక్కువ ఏళ్లంటే ఎక్కువ రుచి అనుకోవడమూ పొరపాటే. లారెన్స్‌బర్గ్ పట్టణంలోని వైల్డ్ టర్కీ డిస్టిలరీలో జిమ్మీ రసెల్ అనే పెద్దాయన 1954లో పనికి చేరాడు. అర శతాబ్దానికి పైగా ఆ వాసనలోనే గడిపి, బోర్బన్ లోకంలో గురువుగా పేరు తెచ్చుకున్నాడు. మరీ ముసలి బోర్బన్ అంటే తనకు మోజు లేదని ఆయన బాహాటంగానే చెప్పేవాడు. స్కాట్లాండ్ చలికి, వాడేసిన పాత పీపాల్లో పాతికేళ్లు నిదానంగా మాగే స్కాచ్ వేరు. కెంటకీ ఎండకు, కొత్త కట్టెలో మాగే బోర్బన్ వేరు. ఇక్కడ వయసు తొందరగా మీద పడుతుంది.

లాటరీ తగిలితేనే...

అమెరికాలో కొన్ని రాష్ట్రాల్లో మద్యం అమ్మకం ప్రభుత్వం చేతిలోనే ఉంటుంది. పెన్సిల్వేనియా లాంటి చోట్ల పాపీ వచ్చిందంటే లాటరీ తీస్తారు. పేరు నమోదు చేసుకుని ఎదురు చూడాలి. తగిలితే సీసా కొనుక్కునే ‘హక్కు’ వస్తుంది, డబ్బు కట్టక తప్పదు.

కంచే చేను మేసిన ఉదంతమూ ఉంది. ఒరెగాన్ రాష్ట్రంలో మద్యం అమ్మకాల్ని చూసే ప్రభుత్వ సంస్థలో కొందరు ఉన్నతాధికారులు అరుదైన సీసాల్ని జనానికి అందకుండా తమ కోసం పక్కన పెట్టించుకున్నారని 2023 ఫిబ్రవరిలో బయటపడింది. డబ్బు కట్టే కొన్నారు. కానీ లాటరీ తీయకుండా, వరసలో నిల్చోకుండా! సంస్థ డైరెక్టర్ పదవి పోయింది.

మోజున్న చోటికి మోసం రాకుండా ఉంటుందా? పాపీ ఖాళీ సీసాలకూ గిరాకీయే. అందులో ఏదో ఒక చవక బోర్బన్ పోసి, మూత బిగించి అమ్మేవాళ్లున్నారు. 2021లో ఓ టీవీ కార్యక్రమం వాళ్లు న్యూయార్క్‌లో వెయ్యి డాలర్లు పెట్టి ఓ అరుదైన బోర్బన్ కొన్నారు. దాన్ని తయారీదారుల దగ్గరికే తీసుకెళ్లి పరీక్ష చేయిస్తే నకిలీ అని తేలింది. ఆలోచించాల్సిన సంగతేంటంటే, ఇలాంటి సీసాల్లో చాలా వాటిని ఎవరూ తెరవరు. అద్దాల బీరువాలో పెట్టి చూసుకుంటారు. తెరిస్తే కదా నిజం తెలిసేది!

ఒకే పిండి... రెండు పేర్లు

ఇక అసలు ప్రశ్న. ఆ రుచి ఎలా ఉంటుందో తెలుసుకోవాలంటే ఆస్తి అమ్ముకోవాలా? అక్కర్లేదు. లూయివిల్ నుంచి సుమారు 90 కిలోమీటర్లు వెళ్తే ఫ్రాంక్‌ఫర్ట్ వస్తుంది. పాపీ పుట్టే బఫెలో ట్రేస్ డిస్టిలరీ చూడటానికి టికెట్ లేదు. ఎర్ర ఇటుక గోదాములు, పెద్ద చెట్లు, పక్కనే కెంటకీ నది. ఆ నదే 2025 ఏప్రిల్‌లో పొంగి ఆవరణను ముంచెత్తింది. కొన్నాళ్లు సందర్శకుల్ని ఆపేశారు.

పాపీకి వాడే గోధుమ మిశ్రమంతోనే అక్కడ ‘వెల్లర్’ అనే బోర్బన్ కూడా చేస్తారు. పాపీ తాత కుర్రతనంలో కొలువు చేసిన వెల్లర్ సంస్థ పేరే అది. తేడా ఏంటంటే, ఏ పీపాను గోదాములో ఎక్కడ పెట్టారు, ఎన్నాళ్లు ఉంచారు, ఎవరు ఎంచారు అన్నదే. ఒకే తల్లి పిల్లల్లో ఒకణ్ని ఏడేళ్లకే బడి మాన్పించి, రెండోవాణ్ని ఇరవై ఏళ్లు చదివించినట్టు!

ఈ గుట్టు ఒకప్పుడు కొద్దిమందికే తెలుసు. పన్నెండేళ్ల వెల్లర్‌నీ, ఘాటెక్కువుండే వెల్లర్ యాంటీక్‌నీ ఇంచుమించు మూడుకు రెండు పాళ్లలో కలిపి ‘పేదవాడి పాపీ’ అని ముచ్చటపడేవారు. ఆ మాట ఆనోటా ఈనోటా పాకింది. ఇంకేముంది! కింది అరలో పడి ఉండే వెల్లర్ కాస్తా కౌంటర్ వెనక్కి చేరింది. పన్నెండేళ్ల వెల్లర్‌కూ ఇప్పుడు వేటగాళ్లున్నారు. చవగ్గా ఉందని అందరికీ తెలిసిన రోజున ఏదీ చవగ్గా ఉండదు. రాజమండ్రి పులస కథ కూడా ఇదే కదా.

అందుకని తెలివైనవాళ్లు వెల్లర్ వెంట పడటం మానేసి మరో రెండు ఊళ్లు చూసొస్తారు.

ఎర్ర లక్క... దొంగ తాళం

మొదటిది లొరెటో. చుట్టూ పొలాలు, ఓ వాగు. నల్ల గోడలు, ఎర్ర కిటికీ తలుపుల భవనాలు. మేకర్స్ మార్క్ ఇల్లు ఇదే. 1950ల్లో బిల్ శామ్యూల్స్ అనే ఆయన తాతల నాటి ఘాటు విస్కీ వంటకాన్ని పక్కన పెట్టి మెత్తటి మందు చేయాలనుకున్నాడు. ఒక్కో రకం మాగించి చూడాలంటే ఏళ్లు పడుతుంది. అందుకని వేర్వేరు పిండి మిశ్రమాలతో రొట్టెలు కాల్పించి రుచి చూశాడని అక్కడి కథ. చివరికి గోధుమే గెలిచింది. ఆ పనిలో ఆయనకు సాయపడ్డవాళ్లలో పాపీ తాత కూడా ఉన్నాడంటారు. అంటే ఈ మందు పాపీకి దూరపు చుట్టమే అన్నమాట. సీసా మూతకు ఎర్ర లక్క కారినట్టు ఉండే అలంకారం బిల్ భార్య మార్జీ ఆలోచన. సందర్శకులు కొనుక్కున్న సీసాను తామే ఎర్ర లక్కలో ముంచుకోవచ్చు. పిల్లల్లా వరస కడతారు పెద్దవాళ్లు!

2013 ఫిబ్రవరిలో మేకర్స్ మార్క్ ఓ తప్పటడుగు వేసింది. గిరాకీకి సరుకు చాలక, 45 శాతం ఉండే మద్యాన్ని నీళ్లు కలిపి 42కి తగ్గిస్తామని ప్రకటించింది. జనం భగ్గుమన్నారు. వారం పది రోజుల్లో క్షమాపణ చెప్పి పాత పద్ధతికే వచ్చేసింది. రోజూ కొనుక్కునే సీసా విషయంలో మామూలు మనిషి మాట నెగ్గిన అరుదైన సందర్భం ఇది.

రెండోది బార్డ్స్‌టౌన్. ‘బోర్బన్ రాజధాని’ అని చెప్పుకునే చిన్న ఊరు. నడిబొడ్డున కోర్టు భవనం, పద్దెనిమిదో శతాబ్దం నాటి టాల్బట్ సత్రం, ఓ విస్కీ మ్యూజియం ఉంటాయి. సెప్టెంబరులో బోర్బన్ తిరనాళ్లు జరుగుతాయి. ఇక్కడే 1996 నవంబరు 7న హెవెన్ హిల్ డిస్టిలరీ తగలబడింది. ఏడు గోదాములు, సుమారు 90 వేల పీపాలు బూడిదయ్యాయి. మండుతున్న మందు వాగులా పారిందని ఆనాటి వాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆ హెవెన్ హిల్ చేసే గోధుమ బోర్బన్ పేరు ‘లార్సనీ’, అంటే దొంగతనం! ఫిట్జ్‌జెరాల్డ్ అనే ప్రభుత్వ ఉద్యోగి చేతిలో గోదాము తాళాలు ఉండేవట. ఆయన మంచి మంచి పీపాల్ని ఎంచి గుట్టుగా కాస్త కాస్త లాగించేవాడనీ, అందుకే మేలైన పీపాలకు ఆయన పేరు స్థిరపడిందనీ కథ. ఫిట్జ్‌జెరాల్డ్ పేరుతో వచ్చిన బోర్బన్ ఒకప్పుడు పాపీ తాత డిస్టిలరీలోనే తయారయ్యేది. 1999లో ఆ పేరు హెవెన్ హిల్ చేతికి వచ్చింది. మేకర్స్ మార్క్, లార్సనీ... రెండూ అక్కడ 30 డాలర్లకు అటూ ఇటూగా దొరుకుతాయి. లాటరీ అక్కర్లేదు.

కింది అరలో మేలు సరుకు

గోధుమ తీపి కన్నా రై ఘాటు నచ్చేవాళ్లకూ దారి ఉంది. లారెన్స్‌బర్గ్‌లోని వైల్డ్ టర్కీ తన బోర్బన్లన్నిటికీ ఒకే పిండి మిశ్రమం వాడుతుంది. వందల డాలర్ల ముసలి సీసాకూ, పాతిక డాలర్ల చుట్టూ దొరికే ‘101’కీ తల్లి ఒకటే. అదే ఊళ్లో పసుపుపచ్చ గోడలతో స్పెయిన్ దేశపు చర్చిలా కనిపించే ఫోర్ రోజెస్ డిస్టిలరీ ఉంది. రెండు పిండి మిశ్రమాలు, అయిదు రకాల ఈస్ట్‌లతో పది రకాల మందు చేస్తారు. సింగిల్ బ్యారెల్ సీసా దొరకడం కష్టమేమీ కాదు.

మరీ చవగ్గా కావాలంటే సీసా మీద ‘బాటిల్డ్ ఇన్ బాండ్’ అన్న మాట కోసం వెతకమంటారు తెలిసినవాళ్లు. 1890ల్లో పొగాకు రసం, రంగులు కలిపిన కల్తీ విస్కీ విచ్చలవిడిగా అమ్మేవారు. దాన్ని అరికట్టడానికి 1897లో చట్టం వచ్చింది. ఒకే డిస్టిలరీలో, ఒకే సీజన్‌లో తయారవ్వాలి. కనీసం నాలుగేళ్లు ప్రభుత్వ పర్యవేక్షణ ఉన్న గోదాములో మాగాలి. సరిగ్గా 50 శాతం మద్యం ఉండాలి. ఇవన్నీ ఉంటేనే ఆ మాట వేసుకోవాలి. హెవెన్ హిల్ వాళ్ల ఇవాన్ విలియమ్స్ తెల్ల లేబుల్ సీసా ఈ కోవలోదే. 20 డాలర్ల చుట్టూ ఉంటుంది.

పేరు కప్పేసి చూడండి

మరి పాపీ రుచి చూడటమెలా? కెంటకీ ఓ వెసులుబాటు ఇచ్చింది. ఇళ్లలో దాచుకున్న పాత సీసాల్ని లైసెన్స్ ఉన్న బార్లు, దుకాణాలు కొనుక్కోవచ్చని 2018లో అమల్లోకి వచ్చిన చట్టం చెబుతోంది. దాంతో అరుదైన మందును బార్లలో ఒక్క పెగ్గు చొప్పున రుచి చూడొచ్చు. ఆ ఒక్క పెగ్గుకే మామూలు సీసాలు రెండు మూడు వస్తాయి. అయినా సీసా మొత్తం కొనడం కన్నా నయం.

రుచి చూడటానికీ ఓ పద్ధతుంది. ముందు గ్లాసును ముక్కుకు కాస్త దూరంగా పట్టుకుని, నోరు కొద్దిగా తెరిచి వాసన చూడాలి. తర్వాత చిన్న గుక్క తీసుకుని, తమలపాకు నమిలినట్టు నోరంతా తిప్పాలి. జిమ్ బీమ్ మనవడు బుకర్ నో ఇలాగే చేసేవాడు. దీనికి ‘కెంటకీ నములుడు’ అనే పేరు స్థిరపడింది. మింగాక గొంతు నుంచి ఛాతీ దాకా దిగే వెచ్చదనాన్ని ‘కెంటకీ కౌగిలి’ అంటారు. నాలుగు చుక్కలు నీళ్లు కలిపితే ఘాటు తగ్గి దాగిన వాసనలు బయటికొస్తాయి.

అసలు పరీక్ష మరోటుంది. ఒకేలాంటి గ్లాసులు మూడు తీసుకుని, అడుగున అంకెలు అంటించి, మరొకరి చేత పోయించుకోవాలి. ఒకదానిలో ఖరీదైనది, మిగతా రెంటిలో పాతిక ముప్పై డాలర్లవి. పేరు తెలియకుండా తాగి, ఏది నచ్చిందో ముందు రాసి పెట్టుకోవాలి. ఇరవై ఏళ్లదాన్ని గుర్తుపట్టడం కష్టం కాదు. కట్టె వాసన, ఎండు ఖర్జూరం లాంటి తీపి, చివర్లో వగరు పట్టిస్తాయి. కానీ గుర్తుపట్టడం వేరు, నచ్చడం వేరు. చీటీలు తిప్పి చూశాక తన నాలుక చవకదానికే ఓటేసిందని తెలిసి నవ్వుకునేవాళ్లు తక్కువేం కాదు. నవ్వలేనివాళ్లు మాత్రం ఆ సీసా కొన్నవాళ్లే!

పీపాలు మిగిలాయి

ఇప్పుడు గాలి మారింది. పాపీ మోజు చూసి అందరూ బట్టీలు పెంచేశారు. 2025 నాటికి కెంటకీ గోదాముల్లో మాగుతున్న పీపాలు కోటిన్నరకు పైనే. రాష్ట్ర జనాభా సుమారు 45 లక్షలు. అంటే పసిపిల్లలతో సహా తలకు మూడు పీపాలకు పైగా! మరోవైపు తాగేవాళ్లు తగ్గారు. సుంకాల గొడవతో 2025 మార్చిలో కెనడా రాష్ట్రాలు అమెరికా మద్యాన్ని అరల్లోంచి తీసేశాయి. కొన్ని చిన్న డిస్టిలరీలు దివాలా తీశాయి. జిమ్ బీమ్ అంతటి సంస్థే క్లెర్‌మాంట్‌లోని ప్రధాన బట్టీని 2026లో ఆపుతున్నట్టు 2025 డిసెంబరులో ప్రకటించింది. పది ఇరవై ఏళ్ల తర్వాతి రుచిని ఇప్పుడే ఊహించి పీపా నింపాల్సిన వ్యాపారం ఇది. లెక్క తప్పితే ముందుగా దెబ్బ తగిలేది అక్కడ పనిచేసేవాళ్లకూ మొక్కజొన్న పండించే రైతులకే.

కొనేవాళ్లకు మాత్రం ఊరట. అరలు నిండుగా ఉన్నాయి. మన దేశం కూడా 2025 ఫిబ్రవరిలో బోర్బన్ మీద దిగుమతి సుంకాన్ని 150 శాతం నుంచి 100 శాతానికి తగ్గించింది. ఆపై రాష్ట్రాల పన్నులు ఉంటాయి కాబట్టి ఇక్కడ అది చవక సరుకేం కాదు. అమెరికా నుంచి వచ్చేవాళ్లు తలకు రెండు లీటర్ల దాకా మద్యం సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. ఆ రెండు లీటర్ల కోసం పాపీ వెంట పడనక్కర్లేదని ఈ ప్రయాణం చెబుతుంది.

ఏదైనా మోతాదు మించితే చేటే. ఆ సంగతి ఎవరికన్నా బాగా కెంటకీ వాళ్లకే తెలుసు. ఇంత మందు చేసే ఆ రాష్ట్రంలో ఇప్పటికీ మద్యం అమ్మకం నిషేధించిన కౌంటీలు ఉన్నాయి. డిస్టిలరీల్లో రుచికి పోసేదీ చెంచాల లెక్కే. కారు నడిపేవాళ్లు దానికీ దూరంగా ఉండాలి.

బండి కట్టుకుని ఊరూరా తిరిగి విస్కీ అమ్మిన ఆ తాత తన సరుకును జనం తాగాలనే కోరుకున్నాడు. ఇప్పుడు ఆయన బొమ్మ ఉన్న సీసా అద్దాల బీరువాలో, మూత తీయకుండా, పదేళ్లూ ఇరవై ఏళ్లూ అలాగే ఉంటోంది. సీసాలోకి దిగాక బోర్బన్‌కు వయసు పెరగదు, రుచీ పెరగదు. పెరిగేది ధరే. పాపీ చిరాయువే... కానీ నలుగురూ కూర్చుని కబుర్లాడుకునే చోట గ్లాసులోకి దిగుతున్నది మాత్రం కింది అరలోని ఆ పాతిక డాలర్ల చుట్టమే!